వాచ్ యాప్ మెమరీని కొలవడం: ఏ అంకె చూడాలి, ఎప్పుడు చూడాలి

ఫోన్‌లో యాప్ పడిపోతే కనీసం ఓ ఎర్రర్ అయినా మిగులుతుంది. వాచ్‌లో చాలాసార్లు అదీ ఉండదు. యూజర్ నడక మొదలుపెట్టి చెయ్యి దించుతాడు. పావుగంట తర్వాత చెయ్యెత్తి చూస్తే యాప్ మొదటి స్క్రీన్‌కి వచ్చి కూర్చుంటుంది, అడుగుల లెక్క మళ్లీ సున్నా దగ్గరుంటుంది. క్రాష్ రిపోర్టులో ఏమీ కనిపించదు, ఎందుకంటే జరిగింది క్రాష్ కాదు. మెమరీ చాలక సిస్టమే ప్రాసెస్‌ని తీసేసింది.

2014 నాటి మోటో 360లో ఉన్న ర్యామ్ 512 మెగాబైట్లు. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4లో 1.5 గిగాబైట్లు, 2022 నాటి పిక్సెల్ వాచ్‌లో 2 గిగాబైట్లు. అంకెలు పెరిగినట్టే ఉన్నాయి గానీ సిస్టమ్, వాచ్ ఫేస్, హెల్త్ సర్వీసులు, ఫోన్‌తో సింక్ చేసేవి అన్నీ తమ వాటా తీసుకున్నాక మిగిలిందే మన యాప్‌కి. పైగా వర్కౌట్ యాప్ గంటల తరబడి ఒకే ప్రాసెస్‌లో నడుస్తుంది కాబట్టి, ఫోన్‌లో ఎవరి కంటా పడని చిన్న లీక్ (పని అయిపోయాక కూడా యాప్ వదలని మెమరీ) కూడా ఇక్కడ పెద్దదవుతుంది.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం గూగుల్ వాచ్ సిస్టమ్ వేర్ ఓఎస్ గురించే. యాపిల్ వాచ్, గార్మిన్, సొంత ఫర్మ్‌వేర్‌లకు ప్రత్యేకంగా వర్తించేవి చివర్లో ఉన్నాయి.

ముందు ఎందుకు చచ్చిందో చూడండి

యాప్ మాయమైంది అనగానే లీక్ కోసం వెతకడం మొదలుపెట్టొద్దు. వేర్ ఓఎస్ 3 ఆండ్రాయిడ్ 11 మీద కట్టినది. ఆ వెర్షన్ నుంచి, ప్రాసెస్ ఎందుకు ఆగిందో సిస్టమ్ రాసి పెట్టుకుంటుంది. కంప్యూటర్ నుంచి వాచ్‌కి ఆదేశాలిచ్చే సాధనం ఏడీబీ. 'ఏడీబీ షెల్ డంప్‌సిస్ యాక్టివిటీ ఎగ్జిట్-ఇన్ఫో' కమాండ్ తర్వాత ప్యాకేజీ పేరు ఇస్తే ఆ చరిత్ర బయటికొస్తుంది. కోడ్ లోంచి కావాలంటే యాక్టివిటీ మేనేజర్‌లోని గెట్‌హిస్టారికల్‌ప్రాసెస్‌ఎగ్జిట్‌రీజన్స్ ఇదే సమాచారం ఇస్తుంది.

అందులో రెండు విషయాలు చూడాలి. మొదటిది రీజన్. 3 అంటే లో మెమరీ, సిస్టమే చంపింది. 4 అంటే జావా క్రాష్. మీ హీప్ (యాప్ తన ఆబ్జెక్టులు పెట్టుకునే మెమరీ) పరిమితి దాటి అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ వచ్చినా ఇక్కడికే వస్తుంది. కొన్ని పరికరాలు లో మెమరీ అని విడిగా చెప్పలేవు. వాటిలో అదే చావు 'సిగ్నల్ వల్ల ఆగింది' అన్నట్టు, సిగ్‌కిల్ పేరుతో నమోదవుతుంది. మీ వాచ్ ఏ రకమో ఈజ్‌లోమెమరీకిల్‌రిపోర్ట్‌సపోర్టెడ్ అనే ఫంక్షన్ చెబుతుంది.

రెండోది ఇంపార్టెన్స్. ఇది 400 అయితే యాప్ కాష్‌లో పడుకుని ఉండగా తీసేశారన్న మాట. అది సిస్టమ్ రోజూ చేసే పనే, దాని గురించి నిద్ర పాడుచేసుకోవక్కర్లేదు. స్క్రీన్ స్థితి సేవ్ అవుతోందో లేదో చూసుకుంటే చాలు. 100 లేదా 125 అని ఉంటే మాత్రం అసలు సమస్య అదే: యాప్ స్క్రీన్ మీద ఉండగానో, ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ నడుస్తుండగానో చంపేశారు. ఇక కొలతలు మొదలుపెట్టాలి.

వాచ్‌ని కలపడం

ఇప్పటి వాచ్‌లలో చాలావాటికి డేటా కేబుల్ పెట్టే చోటే ఉండదు, వైఫై మీదే డీబగ్ చేయాలి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరవండి. వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి, 'ఏడీబీ పెయిర్' కమాండ్‌కి వాచ్‌లో కనిపించే ఐపీ, పోర్టు, ఆరు అంకెల కోడ్ ఇవ్వండి. తర్వాత 'ఏడీబీ కనెక్ట్'. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. పెయిరింగ్ పోర్టు వేరు, కనెక్ట్ పోర్టు వేరు. పెయిరింగ్ తెర మూసేసి వెనక్కి వస్తే పైన కనిపించే పోర్టునే కనెక్ట్‌కి వాడాలి.

కనెక్షన్ పదేపదే తెగుతుంటే ఫోన్‌లో బ్లూటూత్ ఆపండి. ఫోన్ దొరికినంత సేపూ వాచ్ బ్లూటూత్‌నే ఎంచుకుని వైఫైని పడుకోబెడుతుంది. ఎమ్యులేటర్ మీద లీక్ ఉందో లేదో తేల్చుకోవచ్చు గానీ, ఎంత మెమరీ వాడుతున్నామన్నది మాత్రం అసలు వాచ్ మీదే చూడాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ వేరు, పక్కన నడిచే ప్రాసెస్‌లు వేరు.

రెండు బిల్డ్‌లు కావాలి

డీబగ్ బిల్డ్‌లో కనిపించే మెమరీ అంకెలు నమ్మదగినవి కావు. ఆర్8 అనే సాధనం కుదించని కోడ్, డీబగ్ సాధనాలు, ఇన్‌స్పెక్షన్ లైబ్రరీలు అన్నీ అందులో కూర్చుంటాయి. కాబట్టి కొలతలకు రిలీజ్ బిల్డ్ వాడండి. మ్యానిఫెస్ట్‌లో ప్రొఫైలబుల్ ట్యాగ్ పెట్టి షెల్‌కి అనుమతిస్తే ప్రొఫైలర్ దానికి తగులుకోగలదు. హీప్ డంప్ (ఆ క్షణంలో హీప్ మొత్తానికి తీసిన నకలు) తీసి ఏ ఆబ్జెక్ట్ ఎవరి చేతిలో ఇరుక్కుందో చూడాలంటే మాత్రం డీబగ్ బిల్డే కావాలి. అంకెలు రిలీజ్ నుంచి, పేర్లు డీబగ్ నుంచి అని గుర్తుపెట్టుకోండి. ఈ రెండూ కలిపి ఒకే బిల్డ్‌లో చూడబోతే లేని సమస్య ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది.

మెమ్‌ఇన్ఫో చదవడం

'ఏడీబీ షెల్ డంప్‌సిస్ మెమ్‌ఇన్ఫో', తర్వాత ప్యాకేజీ పేరు. వచ్చే పట్టికలో కాలమ్‌లు చాలా ఉంటాయి, అన్నీ అక్కర్లేదు. అంకెలన్నీ కిలోబైట్లలో ఉంటాయి.

పీఎస్‌ఎస్ అంటే మీ ప్రాసెస్ ఒక్కటే వాడుకుంటున్న పేజీలు మొత్తం, ఇతరులతో పంచుకుంటున్న వాటిలో మీ వంతు. ఆర్‌ఎస్‌ఎస్‌లో పంచుకున్నవి కూడా పూర్తిగా మీ ఖాతాలోనే పడతాయి, అందుకే అది ఎప్పుడూ భయపెట్టేంత పెద్దదిగా ఉంటుంది. ప్రైవేట్ డర్టీ అంటే మీ యాప్ రాసిన, డిస్క్ నుంచి తిరిగి తెచ్చుకోలేని పేజీలు. మీ యాప్ పోతే సిస్టమ్‌కి నికరంగా తిరిగొచ్చేది ముఖ్యంగా ఇదే.

యాప్ వెనక్కి వెళ్లాక ఏదైనా వరుసలో పీఎస్‌ఎస్ తగ్గితే వెంటనే సంతోషపడొద్దు. పక్కనున్న స్వాప్ పీఎస్‌ఎస్ కాలమ్ కూడా చూడండి. చాలాసార్లు ఆ పేజీలు ఖాళీ అయి ఉండవు, కుదించి జెడ్‌ర్యామ్‌లో పెట్టి ఉంటారు. అదీ ర్యామే.

కింద యాప్ సమ్మరీ అనే భాగం ఉంటుంది: జావా హీప్, నేటివ్ హీప్, కోడ్, స్టాక్, గ్రాఫిక్స్ వగైరా. దాని కింద ఆబ్జెక్ట్స్ అనే చిన్న పట్టికలో వ్యూలు ఎన్ని, యాక్టివిటీలు ఎన్ని, యాప్ కాంటెక్స్టులు ఎన్ని అని లెక్క ఉంటుంది. చాలామంది చూడకుండా వదిలేసేది దీన్నే, సగం లీక్‌లు దొరికేదీ ఇక్కడే. ఒకే యాక్టివిటీ ఉన్న యాప్‌ని పదిసార్లు తెరిచి మూశాక కూడా యాక్టివిటీల లెక్క ఒకటి దగ్గరే ఉండాలి. పదకొండు అని ఉంటే ఇక హీప్ డంప్ తీయాల్సిందే.

ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు

'మా యాప్ 42 మెగాబైట్లు వాడుతోంది' అన్న మాటలో సమాచారం ఏమీ లేదు. ఏ పని చేస్తే ఎంత పెరిగింది, ఆ పని ఆపాక ఎంత దిగింది అన్నదే కావాలి.

యాప్ తెరిచి, ఒక పని రెండుమూడు సార్లు చేసి వదిలేయండి. మొదటి రౌండ్లలో క్లాసులు లోడవడం, ఫాంట్లు, కాష్‌లు నిండడం లాంటివి ఉంటాయి, అవి లెక్కలోకి రావు. అప్పుడు మొదటి కొలత తీయండి. అదే పని సరిగ్గా 20 సార్లు చేసి, అరనిమిషం ఆగి, రెండో కొలత తీయండి. తేడాని 20తో భాగించండి.

ఇదెందుకు పనికొస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. మ్యాప్ తెరను 20 సార్లు తెరిచి మూశారు. జావా హీప్ 6,200 నుంచి 6,450కి వెళ్లింది, పట్టించుకోనవసరం లేదు. నేటివ్ హీప్ మాత్రం 14,000 నుంచి 30,100 అయింది. తేడా 16,100, రౌండుకి 805 కిలోబైట్లు. ఇప్పుడు వాచ్ తెర కొలత చూడండి: 454 × 454 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 4 బైట్లు, మొత్తం 8,24,464 బైట్లు, అంటే 805 కిలోబైట్లు. తెర తెరిచిన ప్రతిసారీ పూర్తి స్క్రీన్ బిట్‌మ్యాప్ ఒకటి మిగిలిపోతోందని, ఒక్క లైను కోడ్ చదవకుండానే తేలిపోయింది. మీ వాచ్ తెరకి ఈ అంకె ఎంతో ముందే లెక్కగట్టి ఎక్కడైనా రాసి పెట్టుకోండి, పదేపదే ఎదురవుతుంది.

జావా హీప్ ప్రశాంతంగా ఉంటే నేటివ్ ఎందుకు ఎగిరింది? ఆండ్రాయిడ్ 8 నుంచి బిట్‌మ్యాప్ పిక్సెళ్లు నేటివ్ హీప్‌లో ఉంటాయి, జావా వైపు ఉండేది చిన్న పిడి మాత్రమే. జావా హీప్ గ్రాఫ్ ఒక్కటే చూసేవాళ్లకి ఈ లీక్ ఎప్పటికీ కనిపించదు.

బొమ్మలు, సెన్సర్లు

ఫైల్ సైజుకీ మెమరీకీ సంబంధం లేదు. సెకన్ల ముల్లు బొమ్మని డిజైనర్ 454 × 454 పారదర్శక తెర మీద గీసి ఇస్తాడు. పీఎన్‌జీ ఫైలుగా అది కొన్ని కిలోబైట్లే, విప్పాక 805. ముల్లు వరకే కత్తిరించి 20 × 220 చేస్తే 17,600 బైట్లు. ఫోన్ నుంచి వచ్చే 4000 × 3000 ఫోటోని ఉన్నదున్నట్టు డీకోడ్ చేస్తే 4.8 కోట్ల బైట్లు. ఇన్‌శాంపుల్‌సైజ్ 8 పెడితే 500 × 375, అంటే 7.5 లక్షల బైట్లు. అంతకంటే మంచిది ఆ కుదింపేదో ఫోన్‌లోనే చేసి పంపడం. పూర్తి తెర యానిమేషన్‌కి 30 ఫ్రేములు ముందే లోడ్ చేసి పెట్టుకుంటే దాదాపు 25 మెగాబైట్లు అందులోనే పోతాయి.

వాచ్ ఫేస్‌లకు ఈ లెక్క ఇంకా కఠినం. వాచ్ ఫేస్ ఫార్మాట్‌లో చేసినవాటికి గూగుల్ పెట్టిన పరిమితి మామూలుగా వెలుగుతున్నప్పుడు 100 మెగాబైట్లు, యాంబియంట్‌లో (చెయ్యి దించాక తెర మసకబారిన స్థితిలో) 10 మెగాబైట్లు. కత్తిరించని పూర్తి తెర పొరలు 13 పేరిస్తే యాంబియంట్ కోటా దాటిపోతుంది. దీన్ని లెక్కగట్టే మెమరీ ఫుట్‌ప్రింట్ సాధనాన్ని గూగుల్ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. స్టోర్‌కి పంపే ముందు మీ బిల్డ్ ప్రక్రియలోనే దాన్ని కలిపేయండి.

సెన్సర్ల దగ్గర తప్పు రెండు రకాలు. ఒకటి, రిజిస్టర్ చేసిన లిజనర్‌ని (రీడింగ్ రాగానే సిస్టమ్ పిలిచే కోడ్) తీసేయకపోవడం. లిజనర్‌ని సెన్సర్ మేనేజర్ పట్టుకుంటుంది, లిజనర్ యాక్టివిటీని పట్టుకుంటుంది, యాక్టివిటీ తెరంతా పట్టుకుంటుంది. ఆన్‌రెజ్యూమ్‌లో పెట్టింది ఆన్‌పాజ్‌లో తీయాలి. తెరలు రాసే కొత్త పద్ధతి కంపోజ్‌లో అయితే డిస్పోజబుల్ ఎఫెక్ట్‌లో ఆన్‌డిస్పోజ్ దానికే ఉంది.

రెండోది, వచ్చిన ప్రతి రీడింగ్‌నీ లిస్టులో వేస్తూ పోవడం. యాక్సెలరోమీటర్ సెకనుకి 50 రీడింగులు ఇస్తే గంటకి 1,80,000. మూడు ఫ్లోట్లు, ఒక టైమ్‌స్టాంప్ కలిపి అసలు డేటా 20 బైట్లే, గంటకి 3.6 మెగాబైట్లు. అదే ఒక్కో రీడింగ్‌కి ఒక ఆబ్జెక్ట్, అందులో ఒక ఫ్లోట్ అర్రే అయితే హెడర్లతో కలిపి 50 బైట్లు దాటుతుంది, గంటకి 9 మెగాబైట్ల పైనే. అర్రేలిస్ట్ నిండినప్పుడల్లా కొత్తది కేటాయించి పాతది కాపీ చేస్తుంది, ఆ క్షణంలో రెండూ మెమరీలో ఉంటాయి. నిర్ణీత సైజు ఫ్లోట్ అర్రేని రింగ్ బఫర్‌గా (నిండాక మళ్లీ మొదటి నుంచి రాసేలా) తిప్పుకుంటూ, నిండిన భాగాన్ని ఎప్పటికప్పుడు ఫైల్లోకి రాసేస్తే గ్రాఫ్ చదునుగా ఉంటుంది.

గంటల తరబడి చూడటం

వర్కౌట్ యాప్‌ని ఐదు నిమిషాలు చూసి సర్టిఫికెట్ ఇవ్వకూడదు. కనీసం రెండు గంటలు, ఛార్జర్ మీద కాకుండా చేతికి పెట్టుకుని, చెయ్యి దించుతూ ఎత్తుతూ నడపాలి. ఛార్జర్ మీద ఉంటే యాంబియంట్‌కి వెళ్లి రావడమనేదే సరిగ్గా జరగదు.

ల్యాప్‌టాప్ నుంచి నిమిషానికోసారి మెమ్‌ఇన్ఫో అడిగే లూప్ పెడితే వైఫై తెగగానే అది ఆగిపోతుంది. ఆ లూప్‌ని వాచ్ షెల్‌లోనే నోహప్‌తో (కనెక్షన్ తెగినా ఆగకుండా) నడిపి, టోటల్ పీఎస్‌ఎస్ వరుసని డేటా ఫోల్డర్‌లోని లోకల్ టెంప్‌లో ఫైలుగా రాయించుకోండి. సాయంత్రం పుల్ చేసుకుని గ్రాఫ్ గీస్తే చాలు. అంతకంటే తరచుగా అడగొద్దు, పీఎస్‌ఎస్ లెక్కగట్టడమే ఖరీదైన పని.

యాప్ లోపలి నుంచే కొలుస్తున్నారా? గెట్‌ప్రాసెస్‌మెమరీఇన్ఫోకి ఆండ్రాయిడ్ 10 నుంచి గట్టి రేటు పరిమితి ఉంది. తొందరగా మళ్లీ అడిగితే పాత అంకే తిరిగి ఇస్తుంది, మీరేమో మెమరీ నిలకడగా ఉందనుకుంటారు. రన్‌టైమ్ టోటల్‌లోంచి ఫ్రీ తీసేస్తే వచ్చేది, దానితో పాటు డీబగ్ క్లాసులోని నేటివ్ హీప్ అలొకేటెడ్ సైజు, ఈ రెండూ తేలికైనవి.

గ్రాఫ్‌లో చెయ్యెత్తిన క్షణాలను ప్రత్యేకంగా చూడండి. తెర ఆరి ఉన్నప్పుడు హెల్త్ సర్వీసులు రీడింగులను కూడబెట్టి, తర్వాత ఒక్కసారిగా అందిస్తాయి. ఆ కట్ట విప్పుతూనే యానిమేషన్ మొదలుపెట్టి, అదే సమయంలో చార్ట్ కూడా గీస్తే శిఖరం అక్కడే వస్తుంది. సగటు 40 మెగాబైట్లున్నా మిమ్మల్ని చంపేది ఆ శిఖరమే.

ఒత్తిడిని కృత్రిమంగా కూడా పెట్టవచ్చు. 'ఏఎమ్ సెండ్-ట్రిమ్-మెమరీ' కమాండ్‌తో, మెమరీ తగ్గించుకోమని సిస్టమ్ పిలిచే ఆన్‌ట్రిమ్‌మెమరీని పిలిపించి, కాష్‌లు నిజంగా ఖాళీ అవుతున్నాయో లేదో మెమ్‌ఇన్ఫోలో చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి, అంటే వేర్ ఓఎస్ 5 నుంచి, సిస్టమ్ తనంతట పంపేవి యూఐ హిడెన్, బ్యాక్‌గ్రౌండ్ అనే రెండే. రన్నింగ్ క్రిటికల్ వచ్చినప్పుడు ఖాళీ చేద్దాం అని రాసిన పాత కోడ్ ఇప్పుడు ఎప్పటికీ నడవదు.

లీక్ ఎవరిదో తేల్చడం

డీబగ్ బిల్డ్‌లో లీక్‌కానరీ అనే లైబ్రరీ కలిపితే సగం పని అదే చేస్తుంది. నాశనం కావాల్సిన ఆబ్జెక్ట్ 5 సెకన్ల తర్వాత, గార్బేజ్ కలెక్షన్ అయ్యాక కూడా మిగిలి ఉంటే దాన్ని నోట్ చేసుకుంటుంది. డంప్ తీసేటప్పుడు యాప్ కాసేపు గడ్డకడుతుంది, వాచ్‌లో ఇంకాస్త ఎక్కువసేపు. అది బగ్ అనుకుని కంగారు పడొద్దు. వాచ్ నోటిఫికేషన్‌లో ఆ పొడవాటి ట్రేస్ చదవలేరు, లాగ్‌క్యాట్‌లో చదవండి.

చేత్తో చూడాలంటే ఆండ్రాయిడ్ స్టూడియోలో హీప్ డంప్ తీసి, యాక్టివిటీ లీక్‌ల ఫిల్టర్ పెట్టి, రిటెయిన్డ్ సైజు వారీగా సర్దండి. షాలో సైజు ఆ ఆబ్జెక్ట్ ఒక్కదానిదే. రిటెయిన్డ్ అంటే అది పోతే దానితో పాటు పోయేవన్నీ. తర్వాత రెఫరెన్సుల ట్యాబ్‌లో పైకి పాకుతూ పోతే చివరికి ఏదో ఒక సింగిల్‌టన్, స్టాటిక్ ఫీల్డ్, తీయని లిజనర్ దగ్గర ఆగుతారు.

యాపిల్ వాచ్

ఎక్స్‌కోడ్‌లో మెమరీ గేజ్ స్థూలంగా చూడటానికి, మెమరీ గ్రాఫ్ డీబగ్గర్ రిటైన్ సైకిల్ (ఒకదాన్నొకటి పట్టుకుని వదలని ఆబ్జెక్టులు) పట్టుకోవడానికి. పై 20 రౌండ్ల పద్ధతికి ఇన్‌స్ట్రుమెంట్స్‌లో అలొకేషన్స్ తెరిచి రౌండుకోసారి జనరేషన్ మార్క్ పెట్టండి. వాచ్ ఓఎస్ 6 నుంచి ఓఎస్_ప్రాక్_అవైలబుల్_మెమరీ అనే ఫంక్షన్ ఉంది. పరిమితికి ఇంకా ఎన్ని బైట్లు దూరంలో ఉన్నారో చెబుతుంది, పెద్ద బొమ్మ విప్పే ముందు అడిగి చూసుకోవచ్చు. యాప్‌ని సిస్టమ్ చంపితే జెట్‌సామ్ రిపోర్ట్ వస్తుంది. అందులో మీ ప్రాసెస్ ఎదురుగా ఉండే ఆర్‌పేజెస్ అంకెని రిపోర్ట్ పైన ఉన్న పేజీ సైజుతో గుణిస్తే బైట్లు వస్తాయి. రీజన్ 'పర్-ప్రాసెస్-లిమిట్' అయితే తప్పు మీదే.

గార్మిన్

ఇక్కడ మెగాబైట్ల మాట మర్చిపోండి. గార్మిన్ యాప్ వేదిక కనెక్ట్ ఐక్యూలో పరిమితి వాచ్ మోడల్‌ని బట్టి, యాప్ రకాన్ని బట్టి మారుతుంది. ఎస్‌డీకేలో ఒక్కో పరికరం ఫోల్డర్‌లో ఉండే కంపైలర్ జేసన్ ఫైల్లో మెమరీ లిమిట్ అని బైట్లలో ఉంటుంది. ఫీనిక్స్ 5లో డేటా ఫీల్డ్‌కి (వర్కౌట్ తెరలో ఒక అంకె చూపే చిన్న యాప్) దక్కేది 32 కిలోబైట్లు. సిమ్యులేటర్‌లో వ్యూ మెమరీ తెరిచి పీక్ చూడండి, కరెంట్ కాదు. కోడ్‌లోంచి అయితే సిస్టమ్ స్టాట్స్‌లో యూజ్డ్ మెమరీ, ఫ్రీ మెమరీ దొరుకుతాయి.

గార్మిన్ యాప్‌లు రాసే మంకీ సీ రెఫరెన్సులు లెక్కబెట్టే భాష. వ్యూ డెలిగేట్‌ని, డెలిగేట్ వ్యూని పట్టుకుంటే రెండూ ఎప్పటికీ పోవు. ఒకవైపు వీక్ రెఫరెన్స్ (ఆ లెక్కలోకి రాని పట్టు) పెట్టండి. వెబ్ రిక్వెస్ట్‌కి -402 వస్తే జవాబు మరీ పెద్దదని, -403 వస్తే ఆ జవాబు విప్పడానికి మెమరీ చాలలేదని అర్థం. రెండింటికీ మందు ఒకటే: అవసరమైన ఫీల్డులే పంపేలా సర్వర్ వైపు కోయడం.

సొంత ఫర్మ్‌వేర్

ఓపెన్ సోర్స్ వాచ్ పైన్‌టైమ్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎఫ్52832 చిప్‌కి ర్యామ్ 64 కిలోబైట్లు. దాని తెర 240 × 240, పిక్సెల్‌కి 2 బైట్లు. పూర్తి ఫ్రేమ్ బఫర్‌కి 1,15,200 బైట్లు కావాలి, అంటే అది పట్టనే పట్టదు. అందుకే తెరను ముక్కలుగా గీస్తారు, 24 వరుసల బఫర్‌కి 11,520 బైట్లు చాలు.

బిల్డ్ కాగానే సైజ్ కమాండ్‌లో డేటా, బీఎస్‌ఎస్ (స్టాటిక్ వేరియబుల్స్ తీసుకునే చోటు) కలిపి చూడండి, మొదలవకముందే పోయిన ర్యామ్ అది. జెఫిర్ అనే చిన్న ఓఎస్ వాడుతుంటే ర్యామ్ రిపోర్ట్ టార్గెట్ ఏ ఫైలు ఎంత తిందో చెట్టులా చూపిస్తుంది. అలాంటిదే అయిన ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఒక్కో టాస్క్ స్టాక్‌కి హై వాటర్ మార్క్ ఫంక్షన్ ఉంది. అది ఇచ్చేది మిగిలిన దాంట్లో అతి తక్కువ విలువ, అదీ బైట్లలో కాదు, వర్డ్‌లలో. 32 బిట్ చిప్ మీద 30 అంటే 120 బైట్లు. బ్లూటూత్ నోటిఫికేషన్, ఫైల్ రాయడం, తెర గీయడం మూడూ ఒకేసారి జరిగేలా చేసి ఆ తర్వాతే ఈ అంకె చదవండి.

హీప్‌కి ఇప్పటి ఖాళీ కంటే 'ఎప్పటికైనా అతి తక్కువ ఖాళీ' అనే అంకె ముఖ్యం. అదీ బాగానే ఉండి, హీప్ నుంచి మెమరీ అడిగే మాలాక్ విఫలమైతే హీప్ స్టాట్స్‌లో అతి పెద్ద ఖాళీ ముక్క సైజు చూడండి. మొత్తం ఖాళీ 20 కిలోబైట్లు ఉన్నా అతి పెద్ద ముక్క 7 మాత్రమే అయితే, 11,520 బైట్ల డిస్‌ప్లే బఫర్ దొరకదు. అలాంటి బఫర్లని హీప్ నుంచి అడగకుండా స్టాటిక్‌గా ప్రకటించి, బూట్ అయినప్పటి నుంచే వాటి చోటు వాటికి కట్టిపెట్టాలి.